సారా వర్తకుడి కొడుకు – జెఫ్రీ చాసర్ కథ

ఇండియా నుంచి అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చినప్పుడు మనం తప్పకుండా చూపించే చోట్లలో వెస్ట్‌మినిస్టర్ ఆబీ ఒకటి. అందులో కవుల మూల అని ఒక భాగం ఉంది. ఇంగ్లీషు కవులు ఎందరివో సమాధులూ, స్మారక ఫలకాలూ అక్కడ ఉన్నాయి. ఆ మూలకి ఆ పేరు రావడానికి మొదటి కారణం జెఫ్రీ చాసర్. తమాషా ఏమిటంటే ఆయన్ని అక్కడ పూడ్చింది కవి అని కాదు. ఆ సంగతి చివర్లో చెబుతాం.

తెలుగు బడి సంచికలో ఇంగ్లండు కవి గురించి ఎందుకని పెద్దలు కొందరు అడగవచ్చు. మన పిల్లలు సెకండరీ స్కూల్లో అడుగు పెట్టగానే ఏడో ఇయర్‌లో మధ్యయుగాల చరిత్ర చదువుతారు. కోటలు, ప్లేగు, రైతుల తిరుగుబాటు, పైన రాజు కింద కూలివాడు ఉన్న ఒక త్రికోణం బొమ్మ, వీటన్నిటితో ఇంటికొచ్చి మనల్ని సందేహాలు అడుగుతారు. కాకతీయుల గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగే మనం ఇక్కడ తెల్లమొహం వేస్తాం! ఆ త్రికోణాన్ని బట్టీ పట్టడం కన్నా, అందులో మధ్య మెట్టు మీద పుట్టి, పై మెట్లూ కింది మెట్లూ కూడా దగ్గరగా చూసిన ఒక మనిషి జీవితం తెలుసుకోవడం మేలని మాకు తోచింది.

ముందు ఆ కాలం ఎలా ఉండేదో నాలుగు ముక్కలు. మనుషులు మూడు రకాలని అప్పటి పెద్దలు నమ్మేవారు. ప్రార్థన చేసేవారు, యుద్ధం చేసేవారు, పొలం పని చేసేవారు. ఎవరు ఏ రకంలో పుడితే అందులోనే ఉండాలి, అది దేవుడి ఏర్పాటు అన్నారు. ఇలాంటి మాట మనకేమీ కొత్త కాదు కదా! పల్లెల్లో విలీన్ అనే కట్టుబానిస రైతులు ఉండేవారు. వాళ్ళకి కొంత భూమి ఉండేది గానీ, వారంలో రెండు మూడు రోజులు దొరగారి పొలంలో ఊరికే పనిచేయాలి. దొర అనుమతి లేకుండా ఊరు వదలకూడదు. కూతురి పెళ్ళి చేస్తే దొరకి పన్ను. ఇంటి పెద్ద చనిపోతే కొట్టంలో ఉన్న మంచి పశువు దొరది. పిండి కూడా దొర మరలోనే ఆడించుకోవాలి, దానికీ రుసుము. తినడానికి బార్లీ, రై కలిపిన ముతక రొట్టె, బఠాణీలూ చిక్కుళ్ళూ ఆకుకూరలూ వేసి ఉడికించిన పులుసు, తాగడానికి ఇంట్లో కాచిన ఏల్. బంగాళాదుంప లేదు, టమాటా లేదు. అన్నట్టు ఆ రోజుల్లో మన ఆంధ్రదేశంలోనూ ఎండుమిరపకాయ లేదు. ఇవన్నీ తరువాత అమెరికా ఖండం నుంచి వచ్చినవే. ఆవకాయ లేని ఆంధ్రని ఊహించుకోండి!

చాసర్ ఈ పల్లె మనిషి కాదు. 1340ల తొలి సంవత్సరాల్లో లండన్‌లో, థేమ్స్ ఒడ్డున వింట్రీ అనే పేటలో పుట్టాడు. తండ్రి జాన్ చాసర్ ఫ్రాన్సు నుంచి ద్రాక్షసారా తెప్పించి అమ్మే వర్తకుడు. తల్లి ఆగ్నెస్. ఆ మూడు రకాల మనుషుల లెక్కలో వర్తకుడికి చోటే లేదు. ప్రార్థించడు, యుద్ధం చేయడు, దున్నడు. అయినా రాజుకి అప్పు కావాలంటే వర్తకుడి దగ్గరకే రావాలి. లెక్కకీ నిజానికీ మధ్య ఉన్న ఈ ఖాళీలోంచే చాసర్ కుటుంబం పైకి వచ్చింది.

ఆ కుటుంబంలో ఒక సినిమా కథ కూడా ఉంది. 1324లో, తండ్రి జాన్ ఇంకా పన్నెండేళ్ళ కుర్రవాడుగా ఉన్నప్పుడు, ఇప్స్‌విచ్‌లో ఉన్న ఆస్తి చేజారకూడదని సొంత అత్తే అతన్ని ఎత్తుకుపోయింది. తన కూతురికిచ్చి పెళ్ళి చేసేయాలని ఆవిడ ఉద్దేశం. మేనరికం మన ఒక్కరి సొత్తు అనుకుంటాం! విషయం కోర్టుకెక్కింది, పెళ్ళి జరగలేదు, అత్తగారికి జైలూ, 250 పౌండ్ల జరిమానా పడ్డాయి. ఆ రోజుల్లో అది ఎంత డబ్బో తెలియాలంటే ఒక లెక్క చూడాలి. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. 1351 నాటి చట్టం ప్రకారం మేస్త్రీ వడ్రంగికి రోజు కూలి 3 పెన్నీలు. అంటే ఏడాదంతా పనిచేసినా నాలుగు పౌండ్లు రావు.

చాసర్‌కి ఆరేళ్ళో ఏడేళ్ళో ఉండగా, 1348లో ప్లేగు వచ్చింది. డార్సెట్ తీరంలో ఓడ దిగి, చలికాలానికి లండన్ చేరింది. ఏడాదిన్నరలో ఇంగ్లండు జనంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారని అంచనా. ఆ సమయంలో జాన్ చాసర్ రాజుగారి సారా వ్యవహారాలు చూసే ఉద్యోగం మీద సౌతాంప్టన్‌లో ఉన్నాడు. అమ్మా నాన్నా బిడ్డా బతికారు. లండన్‌లోని బంధువులు వరసగా పోయారు, వాళ్ళ ఇళ్ళూ దుకాణాలూ వీళ్ళకి వచ్చిపడ్డాయి. 2020లో మనమంతా ఇళ్ళలో తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు పిల్లలు ఈ ప్లేగు గురించే ఎక్కువ అడిగారు. ఆనాడు మందు లేదు, కారణం తెలియదు. బతికినవాళ్ళకి మాత్రం లోకం మారిపోయింది. పనివాళ్ళు తక్కువయ్యారు కాబట్టి కూలి పెంచమన్నారు. పాత కూలికే పనిచేయాలని 1349లో ఒక ఆజ్ఞ, 1351లో చట్టం వచ్చాయి. పైన చెప్పిన 3 పెన్నీలు ఆ చట్టం పెట్టిన హద్దే. ఆ హద్దు కడుపులో రాజుకున్న నిప్పు తరువాత ముప్ఫై ఏళ్ళకి మండింది.

1357కి చాసర్ రాజుగారి కోడలు, అల్‌స్టర్ కౌంటెస్ ఎలిజబెత్ కొలువులో పనికుర్రాడు. పెద్దింట్లో మర్యాదలు నేర్చుకుంటూ పనులు చేసిపెట్టే ఉద్యోగం. ఈ సంగతి మనకి తెలిసిన తీరు భలే విచిత్రం. కౌంటెస్ ఇంటి ఖర్చుల పుస్తకం కాగితాలు చిత్తుగా మారి, వేరే పుస్తకానికి అట్టలోపల అంటించబడ్డాయి. దాదాపు 500 ఏళ్ళ తరువాత ఎవరో ఆ అట్ట విప్పితే బయటపడ్డాయి. అందులో జెఫ్రీ చాసర్‌కి ఒక పొట్టి కోటు కోసం 4 షిల్లింగులు, ఎరుపూ నలుపూ మేజోళ్ళకీ బూట్లకీ 3 షిల్లింగులు అని రాసి ఉంది. ఇంగ్లీషు సాహిత్యానికి మూలపురుషుడి గురించి దొరికిన తొలి ఆధారం ఒక బట్టల బిల్లు! ఆ కోటు ఒక్కటే మేస్త్రీ వడ్రంగికి పదహారు రోజుల కూలి.

బట్టలంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1363లో పార్లమెంటు ఎవరు ఏ ధర గుడ్డ కట్టాలో, ఎవరు ఏం తినాలో చట్టం చేసింది. నాగలి దున్నేవాడూ, బండి తోలేవాడూ ముతక ఉన్ని తప్ప వేరే కట్టకూడదు. ప్లేగు తరువాత చేతిలో నాలుగు డబ్బులు ఆడిన పనివాళ్ళు దొరల్లా కనబడుతున్నారని కడుపుమంట. రెండేళ్ళు తిరగకుండానే ఆ చట్టాన్ని ఎత్తేశారు, ఎవరూ లెక్కచేయలేదు. మన ఊళ్ళలో కొన్ని కులాలవాళ్ళు పెద్దల వీధిలో చెప్పులు విడిచి నడవాలనే కట్టుబాటు మన తాతల కాలం దాకా ఉంది. దాన్ని చట్టమేదీ రాయకపోయినా అమలయింది. ఏది గట్టిదో పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

1359లో చాసర్ ఫ్రాన్సు మీద యుద్ధానికి వెళ్ళి రాన్స్ దగ్గర శత్రువుల చేతికి చిక్కాడు. మరుసటి ఏడు మూడవ ఎడ్వర్డ్ రాజు అతన్ని విడిపించడానికి 16 పౌండ్లు ఇచ్చాడు. అవే లెక్కల్లో ఒక దొరగారి గుర్రానికి అంతకన్నా కాస్త ఎక్కువే రాసి ఉంది. తరువాత రాణిగారి కొలువులోని ఫిలిప్పాతో పెళ్ళయింది. 1367 నుంచి రాజు ఏటా 20 మార్కులు, అంటే 13 పౌండ్ల పైన, భరణం ఇచ్చాడు. రాజకార్యాల మీద ఇటలీకి రెండుసార్లు వెళ్ళాడు. దాంతే, పెట్రార్క్, బొకాచియో తమ ఇటాలియన్ భాషలో ఏం చేశారో అక్కడ చూశాడు.

1374 చాసర్‌కి కలిసొచ్చిన ఏడు. ఏప్రిల్లో రోజుకో కూజా సారా జీవితాంతం ఇస్తానని రాజు మాట ఇచ్చాడు. మేలో లండన్ నగరం వాళ్ళు ఆల్డ్‌గేట్ కోటద్వారం పైనున్న ఇల్లు అద్దె లేకుండా ఇచ్చారు. జూన్‌లో లండన్ రేవులో ఉన్ని, తోళ్ళ సుంకం లెక్కలు చూసే కంట్రోలర్ ఉద్యోగం వచ్చింది. లెక్కలు స్వహస్తంతో రాయాలని షరతు. అప్పటి ఇంగ్లండుకి ఉన్నే బంగారం. ప్రభువుల సభలో అధ్యక్షుడు కూర్చునే ఎర్రటి ఆసనం ఇప్పటికీ ఉన్ని మూటే! మన ఆంధ్రతీరంలో కూడా ఆ కాలంలో రేవు సుంకాలు రాజులకి ఆదరువు. మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకి భయం లేదని గణపతిదేవుడు 1244లో శాసనం వేయిస్తే, 1358లో అనపోతారెడ్డి అక్కడే మళ్ళీ వేయించి సుంకాలు తగ్గించాడు. మలబారు మిరియాలు అలెగ్జాండ్రియా, వెనిస్ మీదుగా లండన్ దాకా వచ్చేవి. ఇక్కడి మిరియాల వర్తకుల సంఘమే తరువాత గ్రోసర్ల సంఘంగా మారింది. మనం వారం వారం సరుకులకి వెళ్ళే గ్రోసరీ షాపు పేరులో ఆ మిరియం ఘాటు ఇంకా ఉంది.

ఆల్డ్‌గేట్ ఇంట్లో పగలంతా రేవులో లెక్కలు రాసి, రాత్రి దీపం దగ్గర పుస్తకాలు చదువుకునేవాడు చాసర్. ఆ కిటికీ కింద నుంచే 1381 జూన్‌లో తిరుగుబాటు లోపలికి వచ్చింది. ఫ్రాన్సు యుద్ధం ఖర్చుకి తలపన్ను వేశారు. 1377లో తలకి 4 పెన్నీలు. మూడోసారి వేసినప్పుడు పదిహేనేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ 12 పెన్నీలు. మేస్త్రీ వడ్రంగికి నాలుగు రోజుల కూలి, భార్యకి మరో నాలుగు. ఎసెక్స్, కెంట్ జనం లేచారు. ఎసెక్స్ వాళ్ళు మైల్ ఎండ్‌లో దిగి, జూన్ 13న ఆల్డ్‌గేట్ గుండా నగరంలోకి వచ్చారు. చాసర్‌ని ఆదుకున్న జాన్ ఆఫ్ గాంట్ ప్రభువు సవాయ్ భవనాన్ని తగలబెట్టారు. మరునాడు పద్నాలుగేళ్ళ రాజు రెండవ రిచర్డ్ మైల్ ఎండ్‌కి వచ్చి, కట్టుబానిసత్వం రద్దు చేస్తానని కాగితాలు రాయించి ఇచ్చాడు. అదే రోజు ఆర్చిబిషప్ తల నరికారు. వింట్రీలో, చాసర్ పుట్టిన పేటలోనే, చర్చిలో దాక్కున్న ఫ్లెమిష్ నేతగాళ్ళని బయటికి లాగి చంపారు. వాళ్ళు పరదేశులు, అదే వాళ్ళ నేరం. పన్ను వేసింది వాళ్ళు కాదు. పరాయి దేశంలో బతికే మనకి ఈ ముక్క చదివినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. జూన్ 15న స్మిత్‌ఫీల్డ్‌లో నాయకుడు వాట్ టైలర్‌ని చంపారు. రాజు ఇచ్చిన కాగితాలన్నీ చెల్లవన్నాడు.

నాలుగు రోజులకి, జూన్ 19న, చాసర్ థేమ్స్ ఒడ్డున తండ్రి ఇంటిని అమ్మేశాడు. ఆ దస్తావేజులో తనని సారా వర్తకుడు జాన్ చాసర్ కొడుకునని రాసుకున్నాడు. ఇంత ఘోరం కళ్ళముందు జరిగినా ఆయన రాతల్లో ఈ తిరుగుబాటు ప్రస్తావన ఒకే ఒక్కచోట, అదీ కోడిపుంజు కథలో అల్లరికి పోలికగా వస్తుంది. రాజుగారి జీతం తింటూ అంతకన్నా రాయడం కష్టమే. పిరికితనం అనడానికి మాకు మనసొప్పదు గానీ, మెచ్చుకోనూ లేం.

కూలి చట్టం ఆయన గడపా తొక్కింది. సిసిలీ షాంపేన్ అనే ఆవిడకీ చాసర్‌కీ సంబంధించిన 1380 నాటి కోర్టు కాగితం ఒకటి పందొమ్మిదో శతాబ్దంలో బయటపడింది. అందులోని ఒక మాట వల్ల ఆయన మీద పెద్ద నింద పడి నూరేళ్ళకి పైగా ఉండిపోయింది. 2022లో దొరికిన కొత్త పత్రాలతో కథ మారింది. ఆవిడ గడువు తీరకుండా పాత యజమాని దగ్గర పని మానేసి చాసర్ దగ్గర చేరిందని, ఆ యజమాని కూలి చట్టం కింద ఇద్దరి మీదా కేసు పెట్టాడు. పని మారడం కూడా నేరమైన కాలం అది.

ఇక అసలు సంగతికి వద్దాం. 1066లో నార్మన్లు గెలిచాక మూడు వందల ఏళ్ళు ఇంగ్లండులో పెద్దల భాష ఫ్రెంచి, చర్చి భాష లాటిన్. ఇంగ్లీషు పాలేళ్ళ భాష. పశువులు కాసేవాడు కౌ, షీప్ అంటే, వండాక తినే దొర బీఫ్, మటన్ అన్నాడు. ఆ రెండు వరసలూ ఇవాళ్టి ఇంగ్లీషులో అలాగే ఉండిపోయాయి. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే! ప్లేగు తరువాత బడుల్లో కూడా పంతుళ్ళు ఫ్రెంచి మాని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. అప్పటి తల్లిదండ్రుల్లో ఎంతమంది మా పిల్లలకి ఫ్రెంచి రాకపోతే ఉద్యోగాలెలా అని గొణుక్కున్నారో! ఇవాళ ప్రపంచమంతా ఎగబడే ఇంగ్లీషుకి ఒకప్పుడు ఇంటి భాష, పనిభాష అన్న చిన్నచూపు ఉండేదని మన పిల్లలకి చెబితే నమ్మరు.

చాసర్‌కి ఫ్రెంచి, లాటిన్, ఇటాలియన్ మూడూ వచ్చు. ఫ్రెంచిలో రాస్తే కొలువులో ఇంకా పేరొచ్చేది. ఆయన ఇంగ్లీషులో రాశాడు. సంస్కృతం క్షుణ్ణంగా తెలిసిన పాల్కురికి సోమనాథుడు అంతకు ముందే జాను తెనుగులో, ద్విపదలో రాసినట్టు. చాసర్ పసివాడుగా ఉన్నప్పుడు అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎర్రన ఉన్నాడు. భాషల కథలు దేశాలు వేరైనా ఒకేలా నడుస్తాయేమో.

1387 ప్రాంతంలో మొదలుపెట్టిన కాంటర్‌బరీ కథలే ఆయన్ని నిలబెట్టాయి. లండన్‌లో వంతెన దాటితే సదర్క్. అక్కడ టాబర్డ్ అనే సత్రంలో ముప్ఫైమంది దాకా యాత్రికులు కలుస్తారు. కాంటర్‌బరీలో సెయింట్ థామస్ సమాధికి వెళ్ళేదాకా దారి పొడుగునా తలా రెండు కథలు చెప్పుకోవాలని పందెం. మన తిరుపతి బస్సులో కలిసినట్టు, మామూలుగా ఒకే బల్ల దగ్గర కూర్చోని వాళ్ళంతా ఇక్కడ కలుస్తారు. పదిహేను యుద్ధాలు చేసి కవచం మరకలతో వచ్చిన నైటు, వేటకుక్కల పిచ్చి ఉన్న సన్యాసి, బక్కగుర్రం మీద అంతకన్నా బక్కగా ఉన్న ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి, ఐదుగురు భర్తల్ని చూసిన బాత్ ఊరి గడుసావిడ, తూకంలో కొట్టేసే మరవాడు, పాపాలకి క్షమాపత్రాలు అమ్ముకునే మోసగాడు. వీళ్ళందరి మధ్యా చాసర్ ఏ ఎత్తిపొడుపూ లేకుండా మెచ్చుకున్నవాళ్ళు కొద్దిమందే. వారిలో ఇద్దరు ఒక పేద చర్చి పంతులూ, అతని సోదరుడు నాగలి దున్నే రైతూ.

ఒక సన్యాసినిని మన పిల్లలు తప్పక కలవాలి. భోజనం దగ్గర ఒక్క చుక్క కూడా ఎదమీద పడనివ్వని నాజూకు మనిషి. ఫ్రెంచి కూడా చక్కగా మాట్లాడుతుంది, అయితే పారిస్ ఫ్రెంచి ఆమెకి తెలియదు, ఆమెది తూర్పు లండన్ స్ట్రాట్‌ఫర్డ్ బడి ఫ్రెంచి. ఈస్ట్ హామ్ వెళ్ళే దారిలో ఇప్పుడున్న స్ట్రాట్‌ఫర్డ్‌కి పక్కనే! మన పిల్లల తెలుగుని విని విజయవాడ బంధువులు నవ్వినప్పుడు ఈ సన్యాసిని గుర్తుకు రావాలి. ఆమె ధీమాగా మాట్లాడుతూనే ఉంది.

మధ్యలో చాసర్ కెంట్ తరఫున 1386లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆ ఏడే ఆల్డ్‌గేట్ ఇల్లూ, సుంకం ఉద్యోగమూ పోయాయి. మరుసటి ఏడు భార్య పోయింది. 1389లో రాజుగారి కట్టడాల పర్యవేక్షకుడిగా రోజుకి 2 షిల్లింగుల జీతం మీద మళ్ళీ కొలువు దొరికింది. 1390 సెప్టెంబరులో, పనివాళ్ళ జీతాల డబ్బు తీసుకెళ్తుంటే డెట్‌ఫర్డ్ దగ్గర దొంగలు కొట్టి దోచుకున్నారు. గుర్రం, సామాను, రాజుగారి 20 పౌండ్ల చిల్లర పోయాయి. ఆ బాకీని రాజు మాఫీ చేశాడు. మరుసటి ఏడు ఆయన ఆ ఉద్యోగం వదిలాడు.

ఆ 1391లోనే ఆయన చేసిన పని తెలుగు బడి వాళ్ళమైన మాకు అన్నిటికన్నా ఇష్టం. పదేళ్ళ కొడుకు లూయిస్‌కి లెక్కలన్నా నక్షత్రాలన్నా ఆసక్తి. తండ్రి అతనికి ఒక ఆస్ట్రోలేబ్ ఇచ్చాడు. అరచేతిలో పట్టే ఇత్తడి పళ్ళెం లాంటి యంత్రం. వేలికి వేలాడదీసి, దాని సూచితో సూర్యుణ్ణో నక్షత్రాన్నో గురి చూస్తే, ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది, దాన్నిబట్టి టైము కట్టవచ్చు. దాన్ని వాడే పద్ధతి చెప్పే పుస్తకాలు ఎక్కువగా లాటిన్‌లో ఉన్నాయి. లూయిస్‌కి వచ్చిన లాటిన్ అంతంతమాత్రం. అందుకని చాసర్ కొడుకు కోసం ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాడు. పిల్లవాడికి అర్థం కావాలని చెప్పిందే మళ్ళీ చెబుతానని ముందే చెప్పుకున్నాడు. గ్రీకులకి గ్రీకు, అరబ్బులకి అరబ్బీ ఎలా సరిపోయాయో లూయిస్‌కి ఇంగ్లీషు అలా సరిపోతుందని వివరించాడు. దేశాల మహాపండితులు చెప్పిన శాస్త్రం ఇంటిభాషలో చెప్పడానికి వీలవుతుందా అని అనుమానపడే రోజుల్లో, ఒక తండ్రి పదేళ్ళవాడి కోసం ఆ పని చేశాడు. ఒక యంత్రం గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. ఉద్దేశించినదంతా రాయకుండానే ఆగిపోయింది. అప్పటి ఆస్ట్రోలేబ్, 1326 అని చెక్కినది, బ్రిటిష్ మ్యూజియం సేకరణలో ఉంది.

1399లో రాజు మారాడు. డిసెంబరు 24న చాసర్ వెస్ట్‌మినిస్టర్ ఆబీ తోటలో ఒక ఇల్లు 53 ఏళ్ళకి కౌలు తీసుకున్నాడు. యాభై ఏడెనిమిదేళ్ళ వయసులో 53 ఏళ్ళ కౌలు! ఏడాది కూడా ఉండలేదు. 1400 అక్టోబరు 25న పోయాడని చెబుతారు. ఆబీలో అద్దెకున్నవాడు, రాజుగారి పాత నౌకరు కాబట్టి అక్కడే పూడ్చారు. ఇప్పుడు కనబడే పాలరాతి సమాధి 1556లో ఒక అభిమాని కట్టించింది. 1599లో స్పెన్సర్‌ని పక్కన పూడ్చాక అది కవుల మూల అయింది. కాంటర్‌బరీ కథలు మాత్రం సగంలోనే ఆగిపోయాయి. ఆ యాత్రికులు ఇప్పటికీ కాంటర్‌బరీ చేరలేదు.

లూయిస్ పేరు 1403లో వేల్స్‌లో కార్మార్థెన్ కోట కాపలా సైనికుల పట్టీలో కనబడుతుంది. అన్న థామస్ కామన్స్ సభకి ఐదుసార్లు స్పీకరయ్యాడు. థామస్ కూతురు ఆలిస్ సఫోక్ డచెస్ అయింది. సారా వర్తకుడి ముని మనవరాలు డచెస్! మూడు రకాల మనుషుల లెక్క రాసినవాళ్ళు చూసుంటే ఏమనేవారో. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో యూఎల్మ్ అనే పల్లెలో ఆలిస్ సమాధి ఉంది. ఆవిడా భర్తా 1437లో అక్కడ పేద ముసలివాళ్ళకి ఒక ఆశ్రమం పెట్టి, దాని పక్కనే ఒక బడి కట్టించారు. ఆ ఇటుకల బడిలో ఆ ఊరి పిల్లలు ఇవాళ్టికీ చదువుకుంటున్నారు.